పాత జనగణన పత్రాల్లో తాతల పేర్లు దొరుకుతాయా?

కడియం: తాత తండ్రి పేరేమిటి, ఆయన ఏ ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, ఆయనకు అన్నదమ్ములెందరు? వంశవృక్షం రాసుకోదలచిన కుటుంబాలకు ఎదురయ్యే తొలి ప్రశ్నలివి. సమాధానం కోసం చాలామందికి మొదట తట్టేది జనాభా లెక్కలే. ఇంగ్లండు, అమెరికాలలో పాత జనగణన పత్రాలను స్వచ్ఛంద సేవకులు ఒక్కో పేరూ చదివి, నకలు రాసి, ప్రజలు వెదుక్కునేందుకు వీలుగా అందుబాటులోకి తెచ్చారు. మన దేశంలో ఆ అవకాశం లేదు. ఎందుకు లేదు, దానికి బదులు గోదావరి జిల్లాల వారికి ఏయే దస్త్రాలు అక్కరకు వస్తాయి, వాటిని ఎలా చదవాలి, ఎలా నకలు రాసుకోవాలి అన్న వివరాలివి.

అంకె మిగిలింది.. పేరు పోయింది

మద్రాసు రాజధానిలో 1851-52 నుంచి ఐదేళ్లకోసారి గ్రామ కరణాల ద్వారా జనసంఖ్యను సేకరించేవారు. పద్ధతి ప్రకారం పూర్తిస్థాయి జనగణన 1871 నవంబరు 15న జరిగింది. దేశమంతటా ఒకే రాత్రి జనాన్ని లెక్కించినది 1881 ఫిబ్రవరి 17న. అది మొదలు పదేళ్లకోసారి ఈ ప్రక్రియ సాగింది. కడియం ప్రాంతం అప్పట్లో 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో ఉండేది. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు ఈ భాగానికి తూర్పు గోదావరి అన్న పేరు వచ్చింది.

గణకులు ఇంటింటికీ నంబరు వేసి, ఇంట్లోని ప్రతి మనిషి వివరాన్నీ పత్రంలో నమోదు చేసేవారు. 1901 నుంచి ఆ వివరాలను మనిషికొక చీటీ చొప్పున ఎత్తిరాసి, చీటీలను వయసు, వృత్తి, మతం, కులం వారీగా వేరుచేసి లెక్కపెట్టే విధానం వచ్చింది. పట్టికలు తయారై, నివేదికలు అచ్చయిన తరువాత ఆ పత్రాలతోనూ చీటీలతోనూ ప్రభుత్వానికి పని తీరిపోయింది. వాటిని శాశ్వతంగా భద్రపరిచే ఏర్పాటు చేయలేదు. అందువల్ల నివేదికలు నేటికీ గ్రంథాలయాల్లో కనిపిస్తాయి కాని, వాటికి ఆధారమైన పేర్లు లభించవు. 1951 నుంచి వెలువడుతున్న జిల్లా జనగణన దర్శినులలో గ్రామాల వారీ వివరాలున్నాయి. ఒక ఊరిలో ఎన్ని ఇళ్లు, ఎంతమంది మనుషులు అన్నది వాటిలో తెలుస్తుంది. ఆ ఇళ్లలో ఎవరున్నారన్నది మాత్రం తెలియదు.

చట్టం ఏమంటోంది?

స్వాతంత్య్రానంతర పత్రాల పరిస్థితి వేరు. 1948 నాటి జనగణన చట్టంలోని 15వ సెక్షను ప్రకారం గణన సిబ్బంది రాసిన పుస్తకాన్ని గాని, రిజిస్టరును గాని పరిశీలించే హక్కు ఎవరికీ లేదు. సివిలు దావాలలో వాటిని సాక్ష్యంగా స్వీకరించరు. చెప్పిన వివరాలు బయటకు పొక్కవన్న భరోసా ఉంటేనే ప్రజలు నిజం చెబుతారన్నది ఈ నిబంధన ఉద్దేశం. బ్రిటన్‌లో వందేళ్లకు, అమెరికాలో 72 ఏళ్లకు వ్యక్తిగత వివరాలున్న పత్రాలను ప్రజలకు తెరుస్తారు. మన చట్టంలో అటువంటి గడువేదీ లేదు.

విదేశాల్లో ఏం చేశారు?

బ్రిటన్‌లో 1841 నుంచి పేర్లతో కూడిన జనగణన పత్రాలు నిలిచి ఉన్నాయి. 1881 నాటి పత్రాలకు నకలు రాసే కార్యక్రమాన్ని అక్కడి కుటుంబ చరిత్ర సంఘాలు, అమెరికాలోని యూటా వంశచరిత్ర సంఘం కలిసి 1980లలో చేపట్టాయి. అప్పటికి ఇంటర్నెట్టు ప్రజలకు అందుబాటులో లేదు. పత్రాల నకళ్లను ఊరూరా ఉన్న సంఘాలకు పంపితే, వేలమంది సభ్యులు వాటిని చూసి చేత్తో ఫారాలపై ఎత్తిరాశారు. సుమారు 3 కోట్ల మంది పేర్లు ఆ విధంగా నకలయ్యాయి.

అమెరికాలో 1940 నాటి పత్రాలను 2012 ఏప్రిల్‌ 2న విడుదల చేశారు. లక్షన్నరకు పైగా స్వచ్ఛంద సేవకులు ఇళ్లలో కూర్చునే 13 కోట్లకు పైగా పేర్లను సుమారు ఐదు నెలల్లో కంప్యూటరులోకి ఎక్కించారు.

అక్కడ కూడా అన్నీ దక్కలేదు. అమెరికాలో 1890 నాటి పత్రాలు 1921లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడయ్యాయి. ఇంగ్లండు, వేల్సులకు సంబంధించిన 1931 నాటి పత్రాలు 1942లో కాలిపోయాయి. ఐర్లండులో 1861, 1871 పత్రాలను లెక్క పూర్తయిన తరువాత ప్రభుత్వమే ధ్వంసం చేయించింది. అంకెలు చేతికి వస్తే చాలనుకున్న ప్రభుత్వం మనదొక్కటే కాదన్నమాట.

రెండు చేతులు.. ఒక తీర్పరి

పాత చేతిరాతకు నకలు రాయడంలో తప్పులు దొర్లడం సహజం. అందుకని అమెరికా 1940 పత్రాలకు ఒక కట్టుదిట్టమైన పద్ధతిని పాటించారు. ఒకే పుటను ఇద్దరు సేవకులకు వేర్వేరుగా ఇస్తారు. ఒకరు రాసినది మరొకరికి తెలియదు. ఇద్దరి నకలూ కలిస్తే సరి. కలవని చోట అనుభవజ్ఞుడైన మూడో వ్యక్తి మూలాన్ని చూసి ఏది సరైనదో తేలుస్తాడు.

మూలంలో ఉన్నది ఉన్నట్టుగా రాయడం ఈ పనిలో మొదటి నియమం. గుమాస్తా పేరును తప్పుగా రాసినా దానిని దిద్దకూడదు. అర్థంకాని అక్షరాన్ని ఊహించి పూరించకూడదు. అక్కడ గుర్తు పెట్టి వదలివేయాలి.

తెలుగులో ఇటువంటి సేవ కొత్తేమీ కాదు. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పుటలను ఒకరు అచ్చుదిద్దితే మరొకరు సరిచూసి ఆమోదిస్తున్నారు. అంతకు చాలాకాలం ముందే, రాజమహేంద్రవరంలోనూ ఉద్యోగం చేసిన సి.పి.బ్రౌన్‌, శిథిలమవుతున్న మెకంజీ కైఫీయత్తులకు పండితులచేత నకళ్లు రాయించారు. ఆ గ్రామ చరిత్రలలో చాలా భాగం మనకు దక్కింది ఆ నకళ్ల రూపంలోనే.

ఓడల జాబితాల్లో గోదావరి

దేశంలో ఉన్నవారి పేర్లు జనగణనలో మిగలకపోయినా, ఒప్పందపు కూలీలుగా సముద్రం దాటినవారి పేర్లు మాత్రం నేటికీ ఉన్నాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్లిన ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరింది. 1911 వరకు మొత్తం 1,52,184 మంది అక్కడికి వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసులోనే ఓడ ఎక్కారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల తెలుగువారు వారిలో ఉన్నారు.

నేటాలు ప్రభుత్వం ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది పుట్టుమచ్చలు, ఓడ పేరు వంటి వివరాలను రిజిస్టర్లలో రాయించింది. ఆ వివరాలను పరిశోధకులు కంప్యూటరులోకి ఎక్కించారు. డర్బన్‌లోని గాంధీ-లుథూలి డాక్యుమెంటేషను కేంద్రం వాటిని అందుబాటులో ఉంచింది. తమ ముత్తాత ఏ గ్రామం నుంచి వచ్చాడో దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబాలు తెలుసుకునేది వీటి ద్వారానే.

మారిషస్‌కు 1834 నుంచి 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు వెళ్లారు. వారి రిజిస్టర్లు అక్కడి మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. కొందరి ఛాయాచిత్రాలు సైతం భద్రంగా ఉన్నాయి. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేల మంది వెళ్లగా, మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. వారి ప్రవాస పత్రాలలో కూడా ఊరు, తాలూకా, జిల్లా కనిపిస్తాయి.

ఈ కాగితాల విలువ కేవలం జ్ఞాపకాలకు పరిమితం కాదు. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం వరకు ప్రవాస భారతీయ పౌరసత్వ కార్డు పొందే వీలు కల్పిస్తున్నట్లు 2024 మార్చిలో అక్కడ పర్యటించిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రకటించారు. ఏడు తరాల వెనుకకు వెళ్లి వంశాన్ని రుజువు చేసుకోవడానికి పాత రిజిస్టరులోని ఒక్క వరుసే ఆధారం కావచ్చు.

రంగూన్‌ వెళ్లినవారి సంగతి

గోదావరి జిల్లా నుంచి నేటాలు వెళ్లినవారికన్నా బర్మా వెళ్లినవారే ఎక్కువ. కాకినాడ రేవు నుంచి పొగ ఓడ ఎక్కి రంగూన్‌ చేరి బియ్యపు మిల్లుల్లో, రేవులో పనిచేసి, కొన్నేళ్లకు తిరిగి వచ్చేవారు. బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు వచ్చింది మన కోరంగి రేవు వల్లనే. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా ఉన్నారు.

అయితే వారు మేస్త్రీల వెంట, బయానా తీసుకుని వెళ్లినవారే తప్ప నేటాలు తరహా ప్రభుత్వ ఒప్పందంపై వెళ్లినవారు కారు. కనుక మనిషికొక నంబరుతో ఊరు, తండ్రి పేరు రాసిన రిజిస్టర్లు వారికి లేవు. 1941లో బర్మాలో జరిగిన గణన వివరాలు చాలావరకు యుద్ధంలో నాశనమయ్యాయి. 1942లో జపాను దాడి వేళ ఎందరో ప్రాణాలు అరచేత పట్టుకుని కాలినడకన స్వదేశం చేరారు. వారి కథ ఇళ్లలో చెప్పుకుంటున్న మాటగానే మిగిలింది.

ఐదేళ్ల ఒప్పందానికి కట్టుబడినవాడు పారిపోతే పట్టుకోవడానికి అతని ఊరు, తండ్రి పేరు, పుట్టుమచ్చ యజమానికి కావలసి వచ్చాయి. స్వేచ్ఛగా వెళ్లినవాడి విషయంలోను, ఊళ్లోనే ఉండిపోయినవాడి విషయంలోను ఆ అవసరం లేకపోయింది. డర్బన్‌లోని తెలుగు కుటుంబానికి దొరికే ముత్తాత పేరు గోదావరి ఒడ్డున ఉన్న కుటుంబానికి దొరకకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ దొరికే ఆధారాలు

జనగణన పత్రాలు లేకున్నా గ్రామాల్లో పేర్లతో కూడిన దస్త్రాలు మరికొన్ని ఉన్నాయి.

* భూమి దస్త్రాలు: రీసెటిల్‌మెంటు రిజిస్టరు (ఆర్‌.ఎస్‌.ఆర్‌.), అడంగల్‌, 1-బి రిజిస్టర్లలో సర్వే నంబరు వారీగా పట్టాదారుల పేర్లుంటాయి. ముందుగా కుటుంబానికి చెందిన పాత సర్వే నంబరు తెలుసుకుని, తహసీల్దారు కార్యాలయంలో ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు చేయాలి. 2022 ఏప్రిల్‌ 4 వరకు తూర్పు గోదావరి జిల్లా కేంద్రం కాకినాడ కనుక, అంతకుముందు నాటి జిల్లా స్థాయి దస్త్రాల కోసం అక్కడ కూడా విచారించాలి.

* రిజిస్ట్రేషను దస్తావేజులు: భాగపరిష్కార పత్రాలు, వీలునామాలు వంశవృక్షానికి పెట్టని కోటలు. అన్నదమ్ముల పేర్లు, తండ్రి పేరు, ఒక్కోసారి తాత పేరు కూడా ఒకేచోట దొరుకుతాయి. ఆడపడుచుల పేర్లు భూమి రిజిస్టర్లలో అరుదుగా కనిపిస్తాయి. వారికోసం పసుపు కుంకుమల కింద భూమి ఇచ్చిన దస్తావేజులు చూడాలి.

* జనన మరణ రిజిస్టర్లు: ఈ ప్రాంతంలో 1899 నాటి మద్రాసు చట్టం కింద, తరువాత 1969 నాటి కేంద్ర చట్టం కింద నమోదులు జరిగాయి. పాత రిజిస్టర్లలో చాలాచోట్ల బిడ్డ పేరు ఉండదు. తండ్రి పేరు, తేదీ ఆధారంగా వెదకాలి.

* బడి రిజిస్టర్లు: పాత ప్రాథమిక పాఠశాలల ప్రవేశ రిజిస్టర్లలో విద్యార్థి పేరు, తండ్రి లేదా సంరక్షకుని పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. పుట్టిన తేదీ అంచనాగా వేసినది కావచ్చు.

* ఓటర్ల జాబితాలు: ఇంటి నంబరు వారీగా ఉండడంతో ఒక కుటుంబంలోని వయోజనులంతా ఒకేచోట కనిపిస్తారు. 2009 ఎన్నికలకు ముందు కడియం పేరుతోనే శాసనసభ నియోజకవర్గం ఉండేది. అప్పటి జాబితాలను ఆ పేరుతో వెదకాలి. తరువాత ఈ ప్రాంతం రాజమండ్రి రూరల్‌లోకి వచ్చింది.

* మత సంస్థల పుస్తకాలు: క్రైస్తవ కుటుంబాలకు చర్చిలలోని బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు ముఖ్యమైనవి. హిందూ కుటుంబాలలో ఆబ్దికాలు పెట్టించే పురోహితుల వద్ద యజమానుల గోత్రం, మూడు తరాల పేర్లు రాసుకున్న పుస్తకాలు ఉండవచ్చు. రైతు కుటుంబాల వంశావళిని తరతరాలుగా నోటితో చెప్పే వంశరాజుల వద్ద కూడా విలువైన సమాచారం ఉంటుంది.

పాత దస్త్రం చదవాలంటే

గ్రామ కరణాల వ్యవస్థ 1984 జనవరిలో రద్దయింది. కరణాలు రాసిన గొలుసుకట్టు రాతను తడుముకోకుండా చదవగలిగిన పెద్దలు ఏటికేడాది తగ్గిపోతున్నారు. కాగితం బీరువాలో భద్రంగా ఉన్నా, దానిని చదివేవారు లేకపోతే ఉండీ లేనట్టే. నకలు రాసే పని ఇప్పుడే జరగవలసి ఉందనడానికి ప్రధాన కారణం ఇదే. చదివేవారికి ఈ కింది విషయాలు తెలిసి ఉండాలి.

ఫసలీ సంవత్సరం: రెవెన్యూ దస్త్రాల్లో ఏడాదిని ఫసలీలో రాసేవారు. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జులై 1న ఫసలీ మొదలవుతుంది. ఉదాహరణకు ఫసలీ 1310 అంటే 1900 జులై నుంచి 1901 జూన్‌ వరకు.

తెలుగు సంవత్సరాల పేర్లు: ఇవి అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. 'నందన' అని ఉంటే అది 1832లో మొదలైన ఏడాది కావచ్చు, 1892 కావచ్చు, 1952 కూడా కావచ్చు. పత్రంలోని మనుషుల వయసును బట్టి ఏదో తేల్చుకోవాలి.

అంకెలు: పాత పద్దుల్లో తెలుగు అంకెలు, భిన్నాల గుర్తులు కనిపిస్తాయి. కాలు అంటే నాలుగో వంతు, పరక ఎనిమిదో వంతు, వీసం పదహారో వంతు.

ఊళ్ల పేర్లు: విదేశీ రిజిస్టర్లలో వెదికేటప్పుడు నేటి పేరుతోనే ఆగిపోరాదు. కాకినాడ 'కోకనాడ'గా, ఏలూరు 'ఎల్లోర్‌'గా, విశాఖపట్నం 'వైజాగపటం'గా ఉంటాయి. కడియం పేరును కూడా ఇంగ్లీషులో వై అక్షరంతోను, అది లేకుండాను రాసే అలవాటుంది. ఒకే పేరుతో పలు గ్రామాలుండే జిల్లా కనుక తాలూకా పేరు సరిపోల్చుకోనిదే నిర్ణయానికి రాకూడదు. 1985లో వచ్చిన మండలాల పేర్లు ఆ రిజిస్టర్లలో కనిపించవు.

ఇంటిపేరు: ఓడల జాబితాల్లో సాధారణంగా ఇంటిపేరు దొరకదు. మనిషి పేరు, తండ్రి పేరు మాత్రమే ఉంటాయి. దక్షిణాఫ్రికాలో తరువాతి తరాలకు తండ్రి పేరో, కులసూచకమైన 'నాయుడు' వంటి మాటో ఇంటిపేరుగా స్థిరపడింది. కాబట్టి అక్కడి నుంచి బంధువులను వెదుక్కుంటూ వచ్చేవారిని ఇంటిపేరు అడిగితే ఫలితం ఉండదు. ఊరు, తండ్రి పేరు, వెళ్లిన సంవత్సరం అడగాలి.

నకలు రాసుకునేవారికి సూచనలు

మొదట ఇంట్లోని పెద్దలను అడిగి, తెలిసిన పేర్లు రాసుకోవాలి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కనే రాయాలి. నాయనమ్మలు, అమ్మమ్మల పుట్టింటి వివరాలు సాధారణంగా ఏ కాగితంలోనూ దొరకవు కనుక వాటిని ముందు అడగడం మంచిది.

పాత కాగితాన్ని వెలుతురులో ఫోటో తీసి, ఫోటోను చూస్తూ నకలు రాయాలి. మూలాన్ని పదేపదే మడతపెట్టరాదు. చిరిగిన చోట ప్లాస్టిక్‌ టేపు అంటించరాదు. కొన్నాళ్లకు జిగురు కాగితాన్ని తినేస్తుంది. ప్రతి నకలు పైన దస్త్రం పేరు, పుట సంఖ్య, అది ఉన్న చోటు రాయాలి. ఇద్దరు విడివిడిగా రాసి సరిచూసుకునే పద్ధతిని కుటుంబంలోనే పాటించవచ్చు. అన్నదమ్ముల పిల్లలు చెరొక నకలు రాస్తే తేడాలు వెంటనే బయటపడతాయి.

పేరు కలిసినంత మాత్రాన మన మనిషే అనుకోరాదు. పేరుతోపాటు తండ్రి పేరు, ఊరు, కాలం కూడా కలవాలి. జీవించి ఉన్నవారి పుట్టిన తేదీలు, ఆస్తి వివరాలు వారి అనుమతి లేనిదే ఇతరులకు పంపకూడదు.

2027లో రెండు సందర్భాలు

తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయిస్తూ కేంద్రం 2025 జూన్‌ 16న ప్రకటన జారీ చేసింది. ఈసారి వివరాలను కాగితంపై కాక డిజిటల్‌ పద్ధతిలో సేకరించాలని, కులాల వివరాలను కూడా నమోదు చేయాలని నిర్ణయించారు. అందులో చెప్పే పేర్లకు కూడా 1948 నాటి చట్టమే వర్తిస్తుంది. ముందు తరాలవారు వాటిని చూడగలిగే వీలు ప్రస్తుత చట్టంలో లేదు. కనుక గణకునికి చెప్పే వివరాలను ఇంటి పుస్తకంలో కూడా రాసి తేదీ వేసి దాచుకుంటే మనుమలకు ఉపయోగపడుతుంది.

గోదావరి పుష్కరాలు కూడా 2027లోనే రానున్నాయి. 2015 పుష్కరాల తరువాత ఇవే. పిండప్రదానం వేళ తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, తల్లి వైపు మూడు తరాల పేర్లు, గోత్రం చెప్పవలసి ఉంటుంది. ముత్తాత పేరు దగ్గర తడుముకునే కుటుంబాలు ఆ పేరు తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి రాసుకోవడం మేలు. పైన చెప్పిన దస్త్రాల నకళ్లకు దరఖాస్తు చేయదలచినవారు కూడా ఘాట్ల వద్ద రద్దీ, కార్యాలయాల్లో పుష్కర విధుల ఒత్తిడి మొదలుకాక ముందే ఆ పని పూర్తిచేసుకోవాలి.